చక్రం మీద సుద్దగీత

కొత్త చక్రం మీద ఎవరో సుద్దముక్కతో గీత గీస్తున్నారు.

"ఏయ్ పెద్దాయనా! ఏంటా పని?" రిపేరు షెడ్డులోంచి కేకేశాడు మేస్త్రీ.

తలకు మాసిన తుండు చుట్టుకున్న మనిషి నింపాదిగా లేచాడు.

"ఏం లేదు బాబూ. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు కింద ఇంజను నుంచి ఇరుసుకు వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో చూద్దామని."

పిలవని పేరంటానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు మేస్త్రీ. ఆ బండి మామూలు పికప్ ట్రక్కు కాదు, అల్లుడిది. అల్లుడు ముచ్చటపడ్డాడని వారం రోజులు తనే ఒళ్లు వంచి బండిని అర అడుగు ఎత్తు లేపాడు. ఇరవై తొమ్మిది అంగుళాల టైర్లు పీకేసి ముప్పై అయిదువి బిగించాడు.

"చూడనీ మామయ్యా, మన సొమ్మేం పోయింది," అంటూ అల్లుడు నవ్వి, బండిని మెల్లగా ముందుకు తోశాడు.

పెద్దాయన మోకాళ్ల మీద వంగి, షాఫ్టు మీద కూడా గీసి ఉంచిన గీతను కళ్లార్పకుండా చూశాడు.

"మూడున్నర దాటింది, నాలుగు కాలేదు. అంటే ఇరుసులో పాత పళ్ల చక్రాలే ఉన్నాయి. టైర్లు ఇంత పెంచాక నాలుగున్నర చుట్లవి వెయ్యాలి బాబూ. వెనక ఇరుసుకే కాదు, ముందుదానికీ. రెండూ ఒకే లెక్కలో ఉండాలి."

"అబ్బో! తమరు ఏ కాలేజీలో పాఠాలు చెప్తారండీ?"

"కొండ దిగేటప్పుడు గేరే బండిని పట్టి ఆపాలి. ఈ పళ్లతో ఆ పట్టు ఉండదు. బరువంతా బ్రేకుల మీద పడుతుంది. పైగా స్పీడు మీటరు అబద్ధం చెప్తుంది. ముల్లు నలభై దగ్గరుంటే బండి నలభై ఎనిమిదిలో పోతుంటుంది."

అల్లుడి నవ్వు ఆగింది. "నిజమేనా మామయ్యా?"

నిజమే. మేస్త్రీకి తెలియనిదేం కాదు. కానీ ఆ పళ్ల చక్రాలు తెప్పించాలంటే మూడు వారాలు పడుతుంది. అల్లుడేమో రేపటినుంచే కొండ మీద టవరు పనికి కూలీలను తీసుకెళ్లి సాయంత్రం దించుతానని ఒప్పుకున్నాడు. అదీగాక, దారినపోయేవాడి మాటకు అల్లుడి ముందు తల వంచడం మేస్త్రీ ఒంట్లోనే లేదు.

"ఇరవై ఏళ్లుగా బళ్లు లేపుతున్నా," అన్నాడు. "ఇన్నేళ్లలో ఒక్కటంటే ఒక్క బండి లోయలో పడింది. అదీ డ్రైవరు పొగరు. కోర్టే చెప్పింది."

పెద్దాయన చేతికంటిన సుద్దను తుండుతో తుడుచుకున్నాడు.

"మూడు వారాలు ఆగండి బాబూ. మునిగిపోయేదేం లేదు. నేను బస్టాండు వెనక బళ్లు కడుగుతుంటా. పళ్ల చక్రాలు బిగించడానికి ఓ చెయ్యి కావాలంటే పిలవండి, ఊరికే వస్తా."

"బళ్లు కడిగేవాడికి ఇన్ని లెక్కలెందుకో!"

చెవిటివాడి ముందు శంఖం ఊది పెద్దాయన వెళ్లిపోయాడు. మేస్త్రీ తడిగుడ్డతో గీతను తుడిచేశాడు.

మూడు రోజులు బండి బాగానే తిరిగింది. నాలుగో రోజు సాయంత్రం, కొండ దిగుతూ అయిదో మలుపులో లోయలోకి పోయింది. వెనక కూర్చున్న నలుగురు కూలీలు అక్కడికక్కడే చనిపోయారు. అల్లుడు రెండు కాళ్లూ విరిగి బతికాడు.

"నలభై దాటలేదు మామయ్యా. ముల్లు చూస్తూనే ఉన్నా. బ్రేకు మాత్రం ఎంత తొక్కినా పట్టలేదు," అన్నాడు ఆసుపత్రి మంచం మీద.

పక్కనే కుర్చీ వేసుకున్న పోలీసాయన తల అడ్డంగా ఊపాడు. "అక్కడ నలభై దాటకూడదు. మలుపుకు ముందు కెమెరా ఉంది. నలభై ఎనిమిది చూపించింది."

మేస్త్రీ కూతుర్ని తీసుకుని లాయరు దగ్గరికి పరుగెత్తాడు.

లాయరు ఇంకా తేల్చి చెప్పాడు. "మీరు చెప్తే మామ మాట అంటారు, నమ్మరు. మీటరు తప్పు చూపిస్తుందని ముందే చెప్పిన బయటి మనిషి ఎవరైనా ఉన్నారా? లేకపోతే మీ అల్లుడికి జైలు ఖాయం."

కూతురు తండ్రి వైపు చూసింది.

"నీకు ముందే తెలుసట కదా నాన్నా," అంది. అంతకంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది మేస్త్రీకి.

బస్టాండు వెనక పెద్దాయన ఏదో బస్సు చక్రం కడుగుతున్నాడు. మేస్త్రీ వెళ్లి ఆ తడినేల మీదే కూలబడ్డాడు.

"నా బుద్ధి గడ్డి తింది పెద్దాయనా. మీ మాట వినలేదు. నలుగురు పోయారు. ఆ నలభై ఎనిమిది లెక్క ఒక్కసారి కోర్టులో చెప్పండి. నా కూతురి కోసం."

"నలుగురా?" పెద్దాయన చేతిలోని గుడ్డ బకెట్లోకి జారింది. వంగి దాన్ని తీసి పిండాడు. తర్వాత, "ఏ మలుపు?" అన్నాడు.

"అయిదోది."

"వస్తా," అన్నాడు పెద్దాయన. ఇంకేమీ అడగలేదు.

అన్నట్టే వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు, తలకు తుండు లేదు. సుద్దగీత సంగతి, షాఫ్టు చుట్ల సంగతి, మీటరు సంగతి ఒక్క మాట పెంచకుండా చెప్పాడు. మూడు వారాలు ఆగమన్నానని కూడా చెప్పాడు. జడ్జి రాసుకుంటూనే ఉన్నాడు.

ప్రభుత్వ లాయరు లేచాడు. "బళ్లు కడిగే మీకు ఇంత లెక్క ఎవరు నేర్పారు?"

పెద్దాయన బోను చెక్క పట్టుకుని, మొదటిసారి మేస్త్రీ వైపు తిన్నగా చూశాడు. తుండు లేని ఆ ముఖం ఎక్కడో చూసినట్టనిపించింది మేస్త్రీకి.

"ఎవరూ నేర్పలేదండీ. జైలు గోడ మీద సుద్దముక్కతో నేనే లెక్క కట్టుకున్నా, ఏడేళ్లు," అన్నాడు పెద్దాయన. "ఆ అయిదో మలుపులోనే నా బండీ పడింది. ముల్లు నలభై దగ్గరే ఉందని నేను మొత్తుకుంటుంటే, తను లేపిన బండిలో ఏ లోపమూ లేదని ఈ బోనులోనే నిలబడి చెప్పింది ఆ మేస్త్రీగారేనండీ."