తలుపు సందు

"తలుపు సందులో పడి నలిగిందని చెప్పమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు జితేంద్ర రంజితతో, కృష్ణగిరి ఆసుపత్రి వసారాలో.

రంజిత వేలికి చుట్టిన గుడ్డ నెత్తురుతో తడిసిపోయింది. పొద్దున అతను నడిపే చిన్న కార్ఖానా షెడ్డులోనే, రేకులు నొక్కే ప్రెస్సు మిషను కింద నలిగింది ఆ వేలు.

"మిషన్లో పడిందంటే కేసయితాది. రేపే హోసూరు కంపెనీవాళ్ళు మన షెడ్డు చూసేదానికి వస్తా ఉండారు. ఆర్డరు పోతే అందరం రోడ్డున పడతాం."

"ఆ కంపెనీలో నీ వేలు పోయినప్పుడు నిన్నూ ఇట్లే చెప్పమన్నారంట గదన్నా? ఆ రోషంతోనే బయటికొచ్చి ఈ స్టార్టప్ పెట్టినానని, నేను పనిలో చేరిన దినం నువ్వే చెప్తివి."



డాక్టరమ్మ లోపలికి పిలిచి, గుడ్డ విప్పి చూసింది. "ఎట్లయింది?"

రంజిత అతనివైపు ఒకసారి చూసి తల దించుకుంది. "తలుపు సందులో పడిందమ్మా."

డాక్టరమ్మ చూపు, కుర్చీ పట్టుకుని నిలబడిన జితేంద్ర మొండివేలి మీద ఆగింది.

"నీదీ అదే తలుపేనా అప్పా?"

జితేంద్ర చెయ్యి జేబులో దాచుకోబోయి, ఆగిపోయాడు.

"తలుపు గాదమ్మా," అన్నాడు. "ఇద్దరిదీ మిషనే. రాసుకో."