దక్షిణపు అంచు

మ్వానకొంబో పడవ లంగరు పోయిన రోజది.

తెల్లవారుజామున దక్షిణపు గాలి లేచింది. పడవ లంగరును పగడాల మీదుగా ఈడ్చుకుపోయింది. మోకు తెగింది.

అక్కడి చిన్న ఇసుకదీవికి మ్వానకొంబో కాపలామనిషి. వచ్చి మూడు నెలలే అయింది. పగడం మీద లంగరు వెయ్యవద్దని అందరికీ చెప్పేది ఆమే.

"ఇవాళ అక్కను ఎవరు కేకలేస్తారో?" అన్నాడు ఫకీ, తన పడవలోంచి సందర్శకులను దించుతూ.

"ముందు నీ నోటికి లంగరు వెయ్యి."

సందర్శకులు ఇసుక దాటకూడదు. కానీ ఒక ముసలాయన దక్షిణపు అంచున నడుములోతు నీళ్ళలో ఉన్నాడు. గాలికి నీళ్ళు మడ్డిగా ఉన్నాయి. కాలితో తడిమి, కుడిచేత్తో ఏదో తీస్తున్నాడు. ఎడమచెయ్యి మణికట్టు దాకానే ఉంది.

మెడలో బుట్ట. తడిగుడ్డ కింద విరిగిన పగడపు ముక్కలు.

"ఏ సున్నపు బట్టీకి, తాతా?"

"బట్టీకి కాదు తల్లీ. ఇక్కడే పెట్టెయ్యాలి."

"దొరికినవాళ్ళందరూ పెట్టేస్తామనే అంటారు."

"మన వువాయ్ తాతేలే అక్కా" అన్నాడు ఫకీ. "ప్రతి అమావాస్యకీ పెంబా దీవి నుంచి వస్తాడు. ఆక్టోపస్ కోసమనుకున్నా."

"ఆ చెయ్యి ఎలా పోయింది?"

ముసలాయన దాచలేదు. "మందుగుండుతో చేపలు పట్టేవాణ్ణి. ఇక్కడే. నలభై ఏళ్ళయింది."

"అప్పుడు పేల్చావు. ఇప్పుడు ఏరుకుంటున్నావు."

ఆయన తల దించుకున్నాడు. "బుట్టనైనా నీళ్ళలో ఉంచు, తల్లీ."

"మళ్ళీ ఈ దీవిలో కాలు పెట్టకు."

ఫకీ పడవ కదిలాక కూడా ఆయన ఆమె చేతిలోని బుట్టనే చూస్తున్నాడు.

అధికారులకు చూపించాలని ఆమె బుట్టను తన గుడిసె కప్పు మీద ఎండలో పెట్టింది. ఎవరూ రాలేదు.

మళ్ళీ అమావాస్య వచ్చింది. ఫకీ పడవలో ముసలాయన లేడు.

"ఏడీ మీ తాత?"

"పోయాడక్కా. జ్వరం. ఆఖరిదాకా ఆటు ఎప్పుడని అడుగుతూనే ఉన్నాడు."

ఆమె లంగరు వెతకడానికి వెళ్ళింది.

దక్షిణపు అంచు మందుగుండుకు పగడం చచ్చిన చోటని ఎవరూ అటు పోరు. ఆ రోజు నీళ్ళు మోకాలి దాకానే ఉన్నాయి, తేటగా.

లంగరు దొరికింది.

అది రాళ్ళ వరసల మధ్య పడి ఉంది. ప్రతి రాయికీ గేలపు దారంతో కట్టిన పగడం. దగ్గరి వరసల్లో వేలెడంత. దూరపు వరసల్లో పొదలంత, వాటిలో చేపలు.

ఆమె వంగి ఒక ముడి చూసింది. దారం కొస పళ్ళతో నొక్కినట్టు నలిగి ఉంది. మరో ముడి చూసింది. అదీ అంతే.

లంగరు ఈడ్చిన దారిలో మాత్రం రాళ్ళకు దారాలే మిగిలాయి.

ఆమె గుడిసెకు పరుగెత్తింది. బుట్టలో ముక్కలన్నీ సున్నంలా తెల్లబడి ఉన్నాయి.

"ఫకీ, గేలపు దారం ఉందా?"

"ఎందుకక్కా?"

"ఉందా లేదా?"

గాలికి విరిగి, ఇంకా రంగు పోని ముక్కలను ఏరింది. ఒక చేత్తో రాయికి అదిమి, పళ్ళతో ముడి బిగించింది. జారింది. మళ్ళీ బిగించింది.

మధ్యాహ్నానికి పోటు నడుము దాకా వచ్చింది. తన లంగరు విరిచినవాటినే ఆ రోజు ఆయన ఏరాడు. లంగరు దారిలో పదకొండు రాళ్ళు ఇంకా ఖాళీగా ఉన్నాయి.