ముసలమ్మ రీలు

గద్వాలకు మాట్లాడే సినిమా వచ్చిన కొత్త.

టెంటంతా పడీ పడీ నవ్వుతుంటే ఒకాయన లేచి తెరకు అడ్డంగా నిలబడ్డాడు.

“బంద్ చెయ్యుండ్రి నవ్వు,” అని అరిచాడు.

జనం ఊరుకుంటారా? చొక్కా చింపి, ఈడ్చుకుపోయి టెంటు యజమాని జలాలుద్దీన్ ముందు పడేశారు.

“ఏంది నీ లొల్లి?” అన్నాడు జలాలుద్దీన్.

“రేపటి ఆటల ఆ ముసలమ్మ రీలు తీసెయ్యుండ్రి సాబ్.”

“జనం వచ్చేదే దానికోసం. సినిమాల గట్ల మాట్లాడుతరా ఎవరన్న? నవ్వు రాదా?”

“అది మన తల్లులు మాట్లాడే మాట. కొడుకును దూరదేశం సాగదోలుకుంట ఏడుస్తున్నది ఆమె. ఏడ్చే కాడ ఆ డైరెక్టరు డోలు కొట్టించిండు. మీరు నవ్వుతున్రు.”

సిగ్గుపడాల్సిన మాటే. ఒక్కడికీ సిగ్గు రాలేదు. ఇంటికి పోయి ఆ మాటతోనే అన్నం అడిగే మనుషులు, ఇతన్ని చూసి మళ్లీ నవ్వారు.

“రేపు మా అమ్మ వస్తది, మానవపాడు నుంచి. ఆమె ముంగట ఈ నవ్వు వద్దు సాబ్.”

“అయితే రావద్దని చెప్పు.”

“నేను గూడ ఇయ్యాలనే చూసిన. ముందుగాల ఎరుకుంటే రమ్మనకపోదును. ఇప్పుడు ఊరంత చెప్పుకున్నది, ఆగమంటే ఆగదు.”

“మద్రాసుల పెద్ద పెద్ద పండితులు రాసిన సినిమా. నీకోసం కోయాల్నా?”

జలాలుద్దీన్ గేటు కాడి మనుషులను పిలిచాడు.

“రేపు వీన్ని లోపలికి రానియ్యకుండ్రి.”

మర్నాడు అతని తల్లి తిమ్మమ్మ ఒక్కతే లోపలికి వచ్చి, ఆడవాళ్ల వైపు నేల మీద కూర్చుంది. కొడుకు గేటు బయటే ఉండిపోయాడు.

ముసలమ్మ తెర మీదికి వచ్చింది.

“జర పైలం కొడుకా, పరాయి దేశం పోతున్నవు,” అన్నదో లేదో, టెంటు అదిరిపోయేలా నవ్వు.

తిమ్మమ్మ ఉలిక్కిపడి చుట్టూ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆట అయ్యేదాకా తీయలేదు.

బయటికి వస్తుంటే జలాలుద్దీన్ ఎగతాళిగా అడిగాడు.

“ఏమమ్మా, అందరు నవ్విన్రు. నువ్వొక్కదానివే నవ్వకపోతివి?”

తిమ్మమ్మ అతని ముఖంలోకి సూటిగా చూసింది.

“అవి నేను ఏడ్చుకుంట చెప్పిన మాటలు సాబ్. ఇన్నేండ్లసంది ఆ మద్రాసు స్టూడియోల వేరేటోళ్ల పేరు మీద కతలు రాస్తుండు నా కొడుకు; ‘ఈ ఒక్కటి నీ మాటల్ల రాసిన, విందువు రా అమ్మా’ అని కబురు పెట్టిండు.”