చేతులు దించండి

రాజ్యలక్ష్మి ఆ అమ్మాయి సంచి తనే సర్దుతోంది.

కోపంగా సర్దుతోంది. అయినా చుడీదారు మడత మాత్రం చెడనివ్వలేదు.

"ఆంటీ, ఒక్క మాట వినండి," అంది అరుణజ్యోతి.

"పొద్దున హోటల్లో నువ్వు మాట్లాడిన మాటలు చాలు! నా వయసంతా సినిమా గుంపుల్లో నిలబడ్డాను. ఏ షాటూ నా వల్ల చెడలేదు. ఈ రెండు గదులూ అలా కట్టుకున్నవే. నా ఇంట్లో అద్దెకుండి నా పరువే తీశావు!"

కృష్ణానగర్‌లో గది అడిగినవాళ్లను ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. సినిమా కోసమే వస్తారు. అరుణజ్యోతి కూడా అందుకే వచ్చిందనుకుంది రాజ్యలక్ష్మి. వానొస్తే జూబ్లీహిల్స్ నీళ్లు ఏ గుమ్మం దాకా వస్తాయని, చీకటితో లేచి షూటింగు బస్సు దాకా ఆడవాళ్లు ఎలా నడుస్తారని ఆ అమ్మాయి గల్లీ అంతా తిరిగి అడుగుతుంటే, ఏదో పాత్ర కోసం కాబోలనుకుంది.

ఆ ఉదయమే ఏజెంటు హనుమంతు వచ్చాడు.

"అక్కా, ఫిల్మ్‌నగర్ హోటల్ల యాడ్ ఫిల్మ్. మన గల్లీవాళ్లే గావాల్నంట. కుర్సీల్ల కూసునుడే. స్టేజీ మీది సారు 'ఒప్పుకుంటరా' అంటడు. అందరు చేతులు లేపాలె. బిర్యానీ గూడ పెడ్తరు."

"డైలాగేమైనా ఉందా?"

"నీకు డైలాగెవడిస్తడక్కా! నవ్వుమొకం పెట్టు, చాలు."

గల్లీ అంతా కదిలింది. అరుణజ్యోతి కూడా వెంట వచ్చింది.

హాల్లో కెమెరాలున్నాయి. తెర మీద అద్దాల మేడలు, చెరువు, చెట్ల మధ్య సైకిలు బాట. "ఇదే రేపటి స్మార్ట్ నగరం," అన్నాడు స్టేజీ మీది సూటు ఆయన. గ్రాఫిక్స్ బాగా చేశారనుకుంది రాజ్యలక్ష్మి.

"ఇక్కడ నివసించే మీరంతా దీనికి ఒప్పుకుంటున్నారా?"

చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. రిహార్సల్ అక్కర్లేని మనుషులు.

అరుణజ్యోతి లేచి నిలబడింది.

"చేతులు దించండి! ఇది షూటింగు కాదు. ఆ చెరువు గీసింది మన గల్లీ మీదే! ఎల్లమ్మక్కా, అదిగో, ఆ నీళ్లలో ఉంది నీ ఇల్లు!"

ఎల్లమ్మ తల తిప్పలేదు. షాట్ నడుస్తుంటే తల తిప్పకూడదు.

సూటు ఆయన ముఖం మాడిపోయింది. "ఈమెను లోపలికి ఎవరు రానిచ్చారు?"

రాజ్యలక్ష్మి చప్పున లేచి ఆ అమ్మాయి నోరు మూసింది. "డైలాగు లేనిదానివి, నీకు మాటలెందుకే! అందరి పొట్టా కొడతావా?"

చేతి కింద నుంచి ఆ అమ్మాయి అరుస్తూనే ఉంది. సూటు ఆయన మనుషులొచ్చి బయటికి లాక్కెళ్లారు.

ఇప్పుడు సంచి నిండింది.

"ఆంటీ, మొదటి ప్లానులో మన గల్లీ ఉండేది. కాలువలు వేసి ఇళ్లు ఇళ్లుగానే ఉంచారు. తరువాత చెరిపేశారు."

"నీకెలా తెలుసు?"

"చూశాను."

"చూసిందట! కథలు స్టూడియోలో చెప్పుకో."

అరుణజ్యోతి కళ్లు ఎర్రబడ్డాయి. తల మాత్రం వంచలేదు.

"నన్ను పొమ్మన్నారు, పోతాను. రేపు మిమ్మల్ని ఎవరైనా పొమ్మంటే మాత్రం పోకండి."

తానే సంచిలో పెట్టిన ఆవకాయ సీసాను రాజ్యలక్ష్మి చివరి క్షణంలో పైకి తీసి, అరలో పెట్టేసింది.

ఆటో వెళ్లిపోయింది.

వానలు తగ్గాక గల్లీలో ఇళ్ల గోడల మీద ఎర్రరంగు గుర్తులు పడ్డాయి.

"ఖాళీ చెయ్యాలి. మీరే ఒప్పుకున్నారుగా," అన్నారు వచ్చినవాళ్లు. ఫోన్లో వీడియో చూపించారు. ఎత్తిన చేతులు. నవ్వు ముఖాలు. ముందు వరసలో రాజ్యలక్ష్మి.

హనుమంతు తల పట్టుకున్నాడు. "ఒట్టక్కా! యాడ్ ఫిల్మ్ అనే చెప్పిండ్రు నాతోని. నా ఇల్లు గూడ గాడనే ఉన్నది గదా!"

"ఏడవకు. గుంపును పిలువు."

"ఏ గుంపునక్కా?"

"రోజూ పిలిచేదాన్నే. ఈసారి కిరాయి లేదని చెప్పు."

ఖాళీ చేయించే ముందు జరగాల్సిన విచారణ రోజున గల్లీ అంతా అధికారి ముందు నిలబడింది. సినిమాల్లో లెక్కలేనన్ని ధర్నాలు చేసినవాళ్లు. ఈసారి ఎవరూ నినాదం రాసివ్వలేదు.

అధికారి వీడియో వేయించాడు.

"ఇందులో ఒక ముక్క కోసేశారండీ," అంది రాజ్యలక్ష్మి.

"ఏ ముక్క?"

"ఒకమ్మాయి వద్దని అరిచింది. నేనే నోరు మూశాను. ఇదిగో, ఈ చేత్తోనే. అది వేయమనండి. వేసేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు."

"అదంత ముఖ్యం కాదు సార్," అన్నాడు సూటు ఆయన.

ఎల్లమ్మ నేల మీద చతికిలబడింది. వెనకాలే అందరూ కూర్చున్నారు.

"ఎందుకు గాదు? మా మొకాలే గదా సారూ, మేం జూడొద్దా? ఏస్తవా, ఈడనే వండుకొని తినమంటవా?" అంది ఎల్లమ్మ.

కోయని వీడియో వేయక తప్పలేదు.

"చేతులు దించండి!"

ఈసారి ఎల్లమ్మ తల తిప్పి చూసింది.

ఎర్ర గుర్తులు చెరిపేయమని అధికారి ఆదేశించాడు. తరువాత తెర వైపు చూపించి అడిగాడు.

"ఎవరీ అమ్మాయి? ఆర్టిస్టా?"

సూటు ఆయన ముందు వీడియో ఆపించాడు. అప్పుడు చెప్పాడు, ఆమె ఎవరో.

రాజ్యలక్ష్మి ఆ గదికి మళ్లీ టులెట్ బోర్డు కట్టలేదు. ఆవకాయ సీసా ఆ అరలోనే ఉంది.

ఆ స్మార్ట్ నగరానికి మొదటి ప్లాను గీసి, అందులోంచి గల్లీని చెరిపేయనన్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్న పరిశోధకురాలు డాక్టర్ అరుణజ్యోతి, 2015 బోనాల నెలలో ఆటో ఎక్కి వెళ్లాక, కృష్ణానగర్‌కు మళ్లీ రాలేదు.