సిమెంటు గోడ

“నా గది ఇటుకలేవి?” ముంబై కామాఠిపురాలో కూలగొడుతున్న పాత గదుల చాల్ ముందు ముసలి తుకారాం కూలీ యాదయ్యను నిలదీశాడు.

యాదయ్య పాత ఇటుకలను గీకి, కొత్త గోడలకు పనికొచ్చేలా పేరుస్తున్నాడు. “ఈ కుప్పల లెవ్వు కాకా.”

“మంచివని అమ్ముకున్నవా?”

“పక్క గదులు సున్నంతో కట్టినయి. తడితే ఇటుక ఊడొస్తది. నీ గది గోడ సిమెంటుది. అది ఇటుకను ఇడువలే. అన్నీ ముక్కలైనయి.”

తుకారాం ఆ ముక్కల వైపు తిరిగాడు. తాత కట్టిన సున్నపు గోడ తీసేసి, గట్టిగా ఉండాలని సిమెంటుతో కట్టింది తనే. ఆ సిమెంటు కలిపి అందించింది భార్య వజ్రమ్మ. ఆమె పోయి ఆరు నెలలైంది.

వంగి, సిమెంటు అంటుకున్న ముక్కనొకటి ఏరి సంచిలో వేసుకున్నాడు.

“అది దేనికీ రాదు కాకా,” అన్నాడు యాదయ్య ఆశ్చర్యంగా.

“తెలుసు బిడ్డా.”