నోరు జారిన రాత్రి

ఆ రాత్రి మట్టెవాడలోని మా ఇంట్లో నేనూ, నా బిడ్డ తేజస్వీ ఇద్దరమే ఉన్నాం. అది టీవీలో యూట్యూబ్ తెరిచి పాత నలుపు తెలుపు సినిమా పెట్టింది. అందులో ఒక తథాస్తు దేవత, ఎవరి నోట ఏ మాట వస్తే అది నిజం చేస్తూ తిరుగుతుంది.

తేజస్వి ఒకటే నవ్వు. "అమ్మా, ఆ రెక్కలు చూడు. అట్టముక్కలకు చెమ్కీ అంటించిండ్రు."

"దేవతను చూసి నవ్వద్దు బిడ్డా."

"నీకు అన్నిటికీ భయమే. మనం ఆమెకు ఇనబడతమా ఏంది?" అని ఇంకా గట్టిగా నవ్వింది.

పెళ్లయిన నాటి నుంచి చెడ్డ మాట రాకుండా నోరు అదుపులో పెట్టుకున్నదాన్ని. విసుగొచ్చి, "నీ నోరు పడిపోను" అనేశాను.

"తథాస్తు" అంది దేవత.

నవ్వు ఆగిపోయింది. తేజస్వి పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం రావడం లేదు.

"నకరాలు చెయ్యకు తేజూ."

దాని కళ్ల నుంచి నీళ్లు కారాయి.

రిమోట్ నొక్కి సినిమాను వెనక్కి తిప్పాను. దేవత కనబడగానే దండం పెట్టి, "నా బిడ్డకు మాట రావాలె తల్లీ" అని వేడుకున్నాను.

దేవత తల తిప్పి నావైపు చూసింది. తథాస్తు అనలేదు. నవ్వింది.

ఆ నవ్వు నా తేజూది.