నలభై నిమిషాలు

“దీన్ని లోపల బల్ల మీద పరవొచ్చా సార్?” అంది నర్సు, సంచిలోంచి దిండు గలీబు సగం బయటికి తీసి.

బోర్డు గది బయట బెంచీ మీద పక్కనే కూర్చున్న కంపెనీ సెక్రటరీ దాన్ని చూశాడు. ఒక సగం తెలుపు, ఒక సగం బూడిదరంగు. నిన్న పొద్దున ఉతికి తీగ మీద ఆరేసిందట. సాయంత్రానికి పొగగొట్టం వైపున్న సగం అలా తేలింది.

“పరువుగా పరవమ్మా. లోపలున్నదంతా పరువు గలవాళ్లే,” అన్నాడు.

ఆయన్ని ఆఫీసులో అందరూ మినిట్స్ మావయ్య అంటారు. డైరెక్టర్ల సమావేశంలో ఎవరేమన్నారో, చివరికి ఏం తీర్మానించారో రాసిపెట్టే కాగితాలే మినిట్స్. ఇరవై రెండేళ్లుగా అవి రాసేది ఆయనే. గంటలు గంటలు మాట్లాడినదాన్ని మినిట్స్‌లో తేల్చేస్తాడని ప్రతీతి. ఒళ్లో నల్ల ఫైలు, జేబులో మూత బిగించిన పెన్ను, చేతికి పాతకాలపు గడియారం. ఇదీ ఆయన ఆస్తి.

నర్సుది సిమెంటు ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో పదకొండేళ్ల సర్వీసు. చేరిన కొత్తలో దగ్గు కేసులకి ఏడాదికో రిజిస్టరు సరిపోయేది. ఇప్పుడు మూడు కావాలి. పొగగొట్టంలో దుమ్మును ఆపే ఫిల్టర్లు చిరిగి మూడేళ్లయింది. దుమ్ము పెరిగినకొద్దీ చుట్టుపక్కల మనుషులకి దమ్ము తగ్గింది. కొత్త ఫిల్టర్లకి బోర్డు ఒప్పుకోవాలి. ఈ వాయువు సంగతి ఇప్పటికి మూడుసార్లు వాయిదా పడింది. ఈసారి ఉద్యోగుల తరఫున ఒకరు వచ్చి చెప్పుకోవచ్చని కబురొచ్చింది. పది నిమిషాలు. అందరూ కలిసి నర్సును ముందుకు తోశారు.

ఆమె వారం రోజులు తన ఆరేళ్ల కూతురి ముందు నిలబడి మాటలు వల్లె వేసింది. పడుకుంటే ఆ పిల్లకి ఊపిరాడదు. ఏడాదిగా మూడు దిళ్లు పేర్చుకుని, వాటికి ఆనుకుని, కూర్చునే నిద్రపోతోంది.

“పొద్దున బయల్దేరుతుంటే ఏమడిగిందో తెలుసా సార్? వాళ్లు సరేనంటే నేను పడుకుని నిద్రపోవచ్చా అమ్మా, అంది.”

మావయ్య దగ్గరున్న జోకులన్నీ అక్కడితో అయిపోయాయి. లేచి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

లోపల ఏడుగురు డైరెక్టర్లు. వాళ్లలో ఒకాయన స్వతంత్ర డైరెక్టరు, అంటే ఎవరి ఒత్తిడీ లేకుండా మాట్లాడాలని బయటినుంచి తెచ్చిన మనిషి. పళ్లెంలో ఏ బిస్కెట్టు తీసుకోవాలన్న విషయం వరకూ ఆయనకి పూర్తి స్వతంత్రం ఉంది. నర్సు మొదలుపెట్టగానే మావయ్య గడియారం చూసుకున్నాడు. ఆమె గాభరాపడి, ఫిల్టర్లు చిరిగిన ఏడాది తప్పు చెప్పి, మళ్లీ దిద్దుకుంది. తర్వాత గలీబు పరిచింది. అక్కణ్నుంచి మాటలు వాటంతటవే వచ్చాయి.

పది నిమిషాలు దాటినా ఛైర్మన్ ఆపలేదు, పరవాలేదు చెప్పమ్మా అన్నాడు. ఒకాయన పాపకి ఎన్నేళ్లని అడిగాడు. ఇంకొకాయన ఏ మందులు వాడుతున్నారని అడిగాడు. వాళ్లలో ఉన్న ఒక్క డైరెక్టరమ్మ గలీబు మీద వేలు రాసి, ఆ వేలు చూసుకుని, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. స్వతంత్ర డైరెక్టరు సగం కొరికిన బిస్కెట్టు పక్కన పెట్టేశాడు. మావయ్య కూడా మూత తీయని పెన్ను పట్టుకుని అలా వింటూ ఉండిపోయాడు.

“నీ మాటలు మా మనసులో పెట్టుకుంటాం తల్లీ,” అన్నాడు ఛైర్మన్.

బయటికొచ్చి నర్సు ఇంటికి ఫోన్ చేసింది. ఒకావిడ ఏడ్చిందనీ, అందరూ బాగా విన్నారనీ పాప దగ్గరున్న తన తల్లికి చెప్పింది. ఆ మూడు దిళ్లలో రెండు తీసి అటక మీద పెట్టెయ్యమని కూడా చెప్పింది.

పావుగంటకి తలుపు తెరుచుకుంది. డైరెక్టర్లు అవతలి తలుపులోంచి భోజనానికి వెళ్లిపోయారట. మావయ్య ఒక్కడే వచ్చాడు, మడత పెట్టిన గలీబు చేతిలో పట్టుకుని.

“ఈ ఏడాదికి వద్దన్నారమ్మా.”

ఆమె గలీబు అందుకుంది. మడత విప్పింది, మళ్లీ మడిచింది.

“నేనే సరిగ్గా చెప్పలేకపోయాను సార్.”

“అది కాదమ్మా...”

“ఆ ఏడాది దగ్గర తడబడ్డాను. వాళ్లు మంచివాళ్లే, అంతసేపు విన్నారు. ఇంకెవరైనా చెప్పుంటే ఒప్పుకునేవాళ్లు. నా మూలంగానే పోయింది.”

మావయ్య చంకలో ఉన్న నల్ల ఫైలును ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు.

ఆమె మెట్లు దిగుతూ మళ్లీ ఫోన్ చేసింది. “ఆ రెండు దిళ్లూ కిందికి దించమ్మా,” అనడం పైదాకా వినిపించింది.

మావయ్య బెంచీ మీద కూలబడ్డాడు. ఫైలు తెరిచాడు. గడియారం చూసి వేళ్ల మీద లెక్క కట్టుకున్నాడు. ఆ రోజు మొదటిసారిగా పెన్ను మూత తీసి, ‘నిమిషాలపాటు కూలంకషంగా చర్చించిన మీదట’ అన్న మాటల ముందున్న ఖాళీలో ‘నలభై’ అని రాశాడు.

మిగతా పేజీ అంతా నిన్న సాయంత్రమే టైపయింది.